ఆడపిల్ల ఆట మానేస్తుంటే ఒకసారి ఇది అడగండి

ఏడో తరగతి దాకా కబడ్డీ ఆడిన పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి గ్రౌండ్ వైపే చూడదు. బద్ధకం అనుకోకండి. ఆట ఎందుకు మానేశావని మా అమ్మాయిని మెల్లగా అడిగితే చెప్పింది: పరిగెత్తితే ఛాతీ దగ్గర ఇబ్బంది, నెలసరిలో మరక పడుతుందేమోనని టెన్షన్. సరైన సైజు స్పోర్ట్స్ బ్రా, ముదురు రంగు ట్రాక్ ప్యాంటు కొనిచ్చాను. బ్యాగులో అదనంగా ప్యాడ్ పెట్టాను. పక్కింటి అమ్మాయిని తోడిచ్చి పొద్దున్నే హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియానికి పంపాను, ఒక్కతే అయితే కచ్చితంగా వెళ్ళేది కాదు. మొదట్లో నడకే. ఇప్పుడు తనే నన్ను లేపుతోంది.

పతకాల మాట అప్పుడే ఎత్తకండి. తనే అడిగితే మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి గురించి చెప్పండి, 2024 పారిస్ పారాలింపిక్స్‌ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. నెలసరి రోజుల్లోనూ ఒంట్లో బాగుంటే ఆడనివ్వండి.