‘సరే’ అన్నారు, పని మాత్రం కాలేదు: ఎక్కడ చూడాలి?

ఫోన్‌లో రెండోసారి ‘ఇంకేంటి విశేషాలు’ అంటే ఇక పెట్టేయమని. కాఫీకి మొదటిసారి ‘వద్దండీ’ అంటే మర్యాదకని. ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: భోజనానికి పిలిస్తే ‘అయ్యో, తప్పకుండా’ అన్నారు, రాలేదు.
తిరిగి మిమ్మల్ని ఏమైనా అడిగారా? రావాలనుకున్నవాళ్ళు ‘ఎన్నింటికి?’ అనో, ‘ఏ స్టాపులో దిగాలి?’ అనో అడుగుతారు. అడక్కపోతే ముందురోజు ఫోన్ చేసి టైం ఖాయం చేసుకోండి. ఇంత చిన్న పని చెయ్యకుండా, వండినదంతా మిగిలాక వాపోయేవాళ్ళే ఎక్కువ.

సమస్య: పెళ్ళికి రమ్మంటే పెద్దత్తయ్య ‘చూద్దాంలే నాయనా’ అంది.
కార్డు వాట్సాప్‌లో పంపి ఉంటారు. ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. దూరమైతే అమ్మానాన్నల చేత ఫోన్ చేయించండి.

సమస్య: వివరాలన్నీ అడిగారు, రోజు కూడా వాళ్ళే చెప్పారు, అయినా కాలేదు.
అసలు ముంచేది ఇదే. పై పరీక్షలో పాసైపోతుంది కాబట్టి అనుమానం రాదు. వాళ్ళ మాటలు వదిలేసి, మీరు ఎక్కడ అడిగారో గుర్తుచేసుకోండి. పండక్కి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ‘బావగారూ, చిట్టీ పాడుకున్నాను, ష్యూరిటీ సంతకం పెడతారా?’ అన్నారు. అత్తారింట్లో, విస్తరి ముందు, కుదరదనడానికి ఏ అల్లుడికి నోరొస్తుంది? ‘దానికేముంది, శాలరీ స్లిప్పు కూడా కావాలా? సోమవారం వెళ్దాం’ అంటారు. ఆ సరే ఆయన మామగారు, అంటే మీ నాన్న, వింటున్నారని అన్నది. సోమవారం జ్వరం, ఆ పై వారం ఆడిట్. తర్వాత ఫోన్ అక్క ఎత్తుతుంది: ‘స్నానంలో ఉన్నార్రా.’

ఆయన ఒక్కరే ఉన్నప్పుడు మళ్ళీ అడగండి. కాదనే దారి మీరే చూపించండి: ‘ఆఫీసులో ఇంకొకాయన పెడతానన్నారు బావగారూ, మీకు ఇబ్బందైతే ఆయన్ని అడుగుతాను.’ (నిజంగా ఇంకొకరిని చూసుకున్నాకే అనండి.) అని ఊరుకోండి. టెన్షన్‌తో మధ్యలో మాట కలిపారంటే మళ్ళీ మొహమాటంలోకి నెట్టినట్టే. ‘అలా అయితే మంచిదే’ అన్నారంటే ఇక ఆ ఊసెత్తకండి. ‘అబ్బే, నేనున్నాగా’ అని ఎప్పుడు రావాలో అడిగితే సంతకం దాదాపు వచ్చినట్టే. అక్కని ముందే కనుక్కుంటే ఇంకా సులువు.

నిజంగా మర్చిపోవడం, సరిగ్గా వినపడకపోవడం అరుదు. ఒకసారి గుర్తుచేస్తే తేలిపోతుంది. మొహం ముడుచుకుని ‘మీ ఇష్టం’ అన్నవాళ్ళ మాట అర్థం కాలేదంటే మాత్రం నేను చెప్పగలిగింది లేదు.