కారు కింద దొరికిన ముక్క ఎక్కడిది?

పొద్దున కారు తీశాక నేల మీద ఒక నల్లటి ప్లాస్టిక్ ముక్కో, రబ్బరు రింగో, వంకర ఇనుప ముక్కో కనబడుతుంది. కారు మాత్రం మామూలుగానే నడుస్తుంటుంది. కొందరు దాన్ని డ్యాష్‌బోర్డు అరలో పడేసి మరిచిపోతారు, కొందరు కంగారుగా షెడ్డుకు పరుగెత్తుతారు. రెండూ అక్కర్లేదు. ముక్కను తీరిగ్గా చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

అసలు అది మీ కారుదేనా?

మన వైపు ఈ అనుమానం న్యాయమైనదే. కావలి, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో రాలిపడిన ఇనుము టైరు గాడిలో ఇరుక్కుని మీ ఇంటిదాకా రావచ్చు. బొటనవేలంత లావు బోల్టు అయితే అది లారీదే అనుకోవచ్చు. విరిగిన చోట లోహం తళతళలాడుతుంటే ఆ విరుపు కొత్తది, తుప్పు నిండి ఉంటే పాతది. ఒక వైపు మట్టి, గ్రీజు పట్టి రెండో వైపు శుభ్రంగా ఉంటే, ఆ శుభ్రమైన వైపు ఇన్నాళ్లూ దేనికో ఆనుకుని ఉందన్నమాట.

ప్లాస్టిక్ మీద పీపీ, పీఓఎం, పీఏ66 అని అచ్చు పడి ఉంటే దాన్ని పార్టు నంబరు అనుకోకండి. అది ఆ ప్లాస్టిక్ రకం పేరు మాత్రమే. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరుస వేరే చోట ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి.

పుట్టగొడుగు ఆకారపు ప్లాస్టిక్ క్లిప్పు

ఎక్కువగా రాలేది ఇదే. వేగం పెరిగినప్పుడు కింద ఏదో రెపరెపలాడుతుంది, లేదా స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరుకు ఏదో రాసుకుంటుంది. కారణం, బంపర్ అడుగునో చక్రం పైనో ఉండే ప్లాస్టిక్ కవరు పట్టు వదలడం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు నెల్లూరు అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. వాటిలోంచి వేగంగా పోతే నీటి తోపుడుకు ఇంజన్ కింది కవరు ఊడొస్తుంది.

కొత్త క్లిప్పు కొనేముందు రంధ్రం వెడల్పు, కాడ పొడవు కొలవండి. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా ఒక మిల్లీమీటరు తేడా ఉంటే నిలబడవు. ముందు క్లిప్పు ఒంటిని రంధ్రంలోకి నెట్టి, తర్వాత మధ్య పిన్ను నొక్కాలి. తీయాలంటే సన్నని స్క్రూడ్రైవర్‌తో ముందు పిన్నును పైకి లేపాలి. పిన్ను లేపకుండా లాగేసి, క్లిప్పు నాసిరకమని తిట్టేవాళ్లే ఎక్కువ. అప్పటికి ప్లాస్టిక్ టై కట్టుకోవచ్చు కానీ సైలెన్సర్ దగ్గర కట్టకండి, కరిగిపోతుంది.

తుప్పు తిన్న పలుచని రేకు

బండి నిలబెట్టి ఇంజన్ నడుస్తున్నప్పుడు రేకు అదిరే చప్పుడు వస్తుంది, యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే మాయమవుతుంది. సైలెన్సర్ గొట్టం మీది వేడి అడ్డు రేకు వదులైందని గుర్తు. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బోల్టు చుట్టూ ఉన్న రేకు తినుకుపోతుంది. బోల్టు గట్టిగానే ఉంటుంది, రేకే ఉండదు. గొట్టం పూర్తిగా చల్లారాక, పెద్ద స్టెయిన్‌లెస్ స్టీలు హోస్ క్లిప్పుతో (స్క్రూ తిప్పితే బిగిసే గుండ్రటి పట్టీ) రేకును గొట్టానికి బిగించేస్తే సరిపోతుంది.

చప్పుడు పోతుంది కదా అని రేకు పీకిపారేసే సలహా వినకండి. కోతల రోజుల్లో రోడ్ల మీద వరిగడ్డి ఆరబోస్తారు. అది కారు అడుగున చుట్టుకుని వేడి గొట్టానికి తగిలితే అంటుకుంటుంది. రేకు ఉన్నా సరే, గడ్డి మీద నడిపాక దిగి కిందికి ఒకసారి వంగి చూడటం మంచిది.

రెండు రంధ్రాల రబ్బరు, చిన్న బూడిదరంగు బిళ్ల

మొదటిది సైలెన్సర్ వేలాడే రబ్బరు. గతుకుల్లో వెనక వైపు దబ్బుమంటుంటే అదే. సబ్బునీళ్లు రాస్తే కొత్తది కొక్కేనికి తేలిగ్గా ఎక్కుతుంది. రెండోది చక్రం బ్యాలెన్సింగ్ బిళ్ల. ఇది ఊడితే 80 కిలోమీటర్ల వేగం దాటాక స్టీరింగ్ వణుకుతుంది. ఊహించి ఎక్కడో అంటించవద్దు, టైర్ల షాపులో బ్యాలెన్సింగ్ చేయించండి.

ఇంట్లో ముట్టుకోకూడనివి

వేలంత లావు గుండ్రటి ఇనుప కడ్డీ వంపు తిరిగి ఉంటే అది సస్పెన్షన్ స్ప్రింగు ముక్క కావచ్చు. కారు ఒక మూల కిందికి దిగిందేమో, స్టీరింగ్ తిప్పితే టంగుమంటోందేమో చూడండి. అవునంటే నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. స్ప్రింగులు రెండు వైపులా కలిపి మార్చాలి. బ్రేకుల దగ్గరి క్లిప్పు, పిన్ను దొరికినా, చక్రం లోపలి వైపు నూనె చెమ్మ కనబడినా ఇదే మాట.

బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాన్ని నమ్మి కారు కిందికి దూరకండి. కారు బరువు మోసే ఇనుప స్టాండ్లు ఉండాలి, నేల మీద మిగిలే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఇసుక నేలైతే జాకీ కింద మందపాటి చెక్క వేయాలి. చక్రం నట్లను కారు లేపకముందే కాస్త వదులు చేసుకోవాలి.

షాపులో అడిగేటప్పుడు

పాత ముక్కను తుడిచి తీసుకెళ్లండి. కారు పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఆర్సీలో ఉండే 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరు ఇస్తే సరైన పార్టు వెతకడం సులువు. ఎడమ, కుడి చెప్పేటప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టు లెక్కపెట్టండి. బండికి ఎదురుగా నిలబడి చెబితే రెండో వైపు పార్టు ఇచ్చి పంపుతారు.