ఇంగ్లీష్ వర్క్‌షీట్ తయారీ, 4వ పాఠం: సిన్స్, ఫర్ ఖాళీలు మళ్ళీ ఒకసారి

పోయినసారి సిన్స్, ఫర్ మీద 10 ఖాళీల షీట్ చేయమన్నా కదా, మీరు పంపినవన్నీ చూశానండీ. ఇవాళ ఇన్ఫర్మేషన్ గ్యాప్ (ఇద్దరి దగ్గర చెరి సగం సమాచారం ఉండి, ఒకరినొకరు అడిగి పూర్తిచేసుకునే ఆట) మొదలుపెట్టాలి గానీ అది వచ్చేవారం చూద్దాం, ముందు ఇది సరిచేసుకోవాలి.

ఎక్కువ షీట్లలో సిన్స్ ఖాళీ పక్కన ప్రతిసారీ అంకే, 2014, 2017, 2019 అని. ఫర్ పక్కనేమో "ఎ వీక్", "ఎ లాంగ్ టైమ్". ఇంక పిల్లాడు వాక్యం ఎందుకు చదువుతాడు, అంకె కనపడితే సిన్స్ పెట్టేస్తాడు, పదికి పది వస్తాయి, మర్నాడు నోట్సులో "సిన్స్ 3 ఇయర్స్" అని రాస్తాడు. ఆ రూల్ వాడికి మన షీటే నేర్పింది. అందుకని "తెలంగాణ హాజ్ బీన్ ఎ స్టేట్ ___ 2014" కిందే "షి హాజ్ వర్క్‌డ్ హియర్ ___ 14 ఇయర్స్" పెట్టండి. సిన్స్‌కి అంకె లేనివీ కావాలి: మండే, సంక్రాంతి, "ఐ వాజ్ ఎ చైల్డ్". క్రియ రూపాలు మీకొచ్చు, వదిలేస్తున్నా.

అసలు చిక్కు మన "నుంచి"లో ఉంది. "రెండు గంటల నుంచి వెయిట్ చేస్తున్నా" అంటే మధ్యాహ్నం రెండింటి నుంచా, రెండు గంటల సేపా? రెండూ అవుతాయి. ఇంగ్లీషులో మొదటిది సిన్స్, రెండోది ఫర్. నేనైతే క్లాసులో "గా" పెట్టి చూడమంటా. "రెండు గంటలుగా", "14 ఏళ్ళుగా", "చాలా కాలంగా" కుదురుతాయి, ఫర్. "2014గా", "సంక్రాంతిగా" కుదరవు, సిన్స్. తెలుగు వాడకూడదనే వాళ్ళుంటారు, నేను మాత్రం వాడతా, పిల్లల దగ్గర ఆల్రెడీ ఉన్న జ్ఞానం అది.

ఇంకోటి, ఇది చూస్తే నాకు కోపమే వస్తుంది. సగం మంది టీచర్ నోట్సులో "అర్థమైందా అని అడగాలి" అని రాశారు. అడగొద్దు. క్లాసంతా కోరస్‌గా "యెస్ టీచర్" అంటుంది, దాంట్లో మనకి తెలిసేది ఏమీ లేదు. అర్థంలోంచి పుట్టిన చిన్న ప్రశ్న వేయండి. "హి హాజ్ లివ్‌డ్ ఇన్ గుంటూరు ఫర్ 3 ఇయర్స్" రాసి, ఇప్పుడు ఎక్కడున్నాడు అనండి. గుంటూరులో. "హాజ్" చెరిపేసి మళ్ళీ అదే ప్రశ్న. ఇప్పుడు లేడు, వెళ్ళిపోయాడు. రెండోదానికి తడబడ్డ పిల్లలెవరో మీకు అక్కడికక్కడే కనపడతారు. ప్రతి వాక్యానికీ ఇలాంటి ప్రశ్న షీట్ వెనక పెన్సిల్‌తో ముందే రాసుకోండి, బోర్డు దగ్గర నిలబడ్డాక తట్టదు.

ప్రాక్టీస్: 12 వాక్యాల కొత్త షీట్, చెరి ఆరు, కలగాపులగంగా. నాలుగు మీరే నింపి, ఇంగ్లీషు అస్సలు రాని పెద్దవాళ్ళకిచ్చి మిగతా ఎనిమిది పోలికలు చూసి నింపమనండి. వాళ్ళకి 7 గానీ 8 గానీ కరెక్ట్ వస్తే ఆ షీట్ చించేసి మళ్ళీ మొదట్నుంచి రాయండి.