విశాఖలో పాత టెలిస్కోపు కొంటున్నారా? ముందు గాజు చూడండి

హైదరాబాదులోనో బెంగళూరులోనో సెకండ్ హ్యాండ్ టెలిస్కోపు కొనేవాళ్లకు ఉండని భయం ఒకటి మనకుంది. అది సముద్రపు గాలి. ఉప్పు, తేమ కలిసి నాలుగైదేళ్లలో కటకం మీద బూజు పట్టిస్తాయి, అద్దం పూతను తినేస్తాయి, స్క్రూలకు తుప్పు తెస్తాయి. అందుకని ఇక్కడ బ్రాండు, "525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది" లాంటి మాటలు అన్నిటికన్నా చివర చూడాలి. మొదట గాజు, తర్వాత స్టాండు, ఆ తర్వాతే ధర.

బేరానికి వెళ్లేటప్పుడు చిన్న ఎల్‌ఈడీ టార్చి, స్క్రూడ్రైవర్, 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించే చిన్న కటకం) దొరికితే అదీ పట్టుకెళ్లండి. పగటిపూటే వెళ్లండి. ఫోటోలు చూసి అడ్వాన్సు పంపకండి. డబ్బు మీకు వస్తుందంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారంటే అది మోసమే.

కటకాల టెలిస్కోపు అయితే ముందు మూత తీసి, టార్చిని పక్క నుంచి వాలుగా కొట్టి లోపలికి చూడండి. దుమ్ము చుక్కలు కనిపిస్తాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. సాలెగూడులాగా కొమ్మలు వేసుకుంటూ పాకిన సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు. పైన ముఖం మీద కొంచెమే ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోతుంది. రెండు కటకాల మధ్యకు చేరితే మాత్రం వదిలేయండి. వాటిని విడదీసి మళ్లీ అదే వరసలో, అదే కోణంలో అమర్చడం కొత్తవాళ్ల పని కాదు. పైగా ముదిరిన బూజు కటకం పూతను కొరికేస్తుంది. బూజును తుడిచినా ఆ మచ్చ పోదు.

అద్దం టెలిస్కోపులో టార్చి వెలుగుకు మోసపోకూడదు. ఎదురుగా కొడితే ఎంత మంచి అద్దమైనా అసహ్యంగానే కనిపిస్తుంది. అమ్మే ఆయన ఒప్పుకుంటే గొట్టం అడుగున స్క్రూలు విప్పి అద్దాన్ని చట్రంతో సహా బయటికి తీయించండి. వెనక నుంచి టార్చి వేసి, ముందు వైపు నుంచి చూడండి. సూది రంధ్రాల్లాంటి వెలుగు చుక్కలు పదో ఇరవయ్యో ఉంటే నష్టం లేదు. అంచుల నుంచి లోపలికి పూత పొరలుగా లేచినా, తెల్లగా పొగ పట్టినట్టు మసకబారినా మళ్లీ అల్యూమినియం పూత వేయించాలి. ఆ ఖర్చూ రవాణా ఖర్చూ ధరలోంచి తగ్గించి మాట్లాడండి. చట్రం స్ప్రింగులు, స్క్రూలు ఎర్రగా తుప్పు పట్టి ఉంటే ఆ టెలిస్కోపు బాల్కనీలో బతికిందని అర్థం. స్క్రూలు మారిస్తే సరిపోతుంది గానీ, అలాంటప్పుడు అద్దాన్ని రెండోసారి చూడాలి.

ఇప్పుడు గొట్టం పొడవు కొలవండి. చీటీ మీద నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు దూరం) 1000 మి.మీ. అని రాసి ఉండి, అద్దం టెలిస్కోపు గొట్టం అర మీటరే ఉందంటే అది బర్డ్-జోన్స్ రకం. ఫోకసర్ (ఐపీస్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపే భాగం) లోపల ఒక కటకం దాచి నాభ్యంతరాన్ని పొడిగిస్తారు. చవక రకాల్లో బొమ్మ ఎప్పటికీ పదునుగా రాదు, అద్దాలను వరసలో పెట్టడమూ కష్టం. 114 మి.మీ. అద్దం, 1000 మి.మీ. అని కనిపించే పొట్టివాటిని దాటేయండి. అదే 114 మి.మీ. అద్దం, 900 మి.మీ. నాభ్యంతరం, దానికి తగ్గ పొడవాటి గొట్టం ఉంటే చక్కగా పనిచేస్తుంది. ఎంచుకునే వీలుంటే 6 అంగుళాల డాబ్సోనియన్‌ను మించింది లేదు. చెక్కపెట్టె మీద కూర్చునే గొట్టం, పాడయ్యే భాగాలు తక్కువ.

స్టాండుకు ఒక్కటే పరీక్ష. సుమారు 100 రెట్లలో దూరపు వస్తువును పెట్టి గొట్టాన్ని వేలితో తట్టండి. బొమ్మ మూడు సెకన్లలో నిలబడితే మంచిది. అయిదు దాటితే గాలి వీచే రాత్రి గురుగ్రహం పట్టు చిక్కదు. స్టాండు కాళ్లు పూర్తిగా లాగకుండా, మధ్యలో మూడు లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీస్తే కొంత మెరుగవుతుంది. మోటారుతో తానే తిరిగి వస్తువును వెతికి పట్టే గోటో రకమైతే బ్యాటరీ గదిలో, కేబుల్ కొసల్లో పచ్చటి చిలుము ఉందేమో చూడండి. నాలుగు దిక్కులకూ, అన్ని వేగాల్లోనూ తిప్పించి చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఎలక్ట్రానిక్స్ చచ్చిన గోటో మౌంటుకు (గొట్టాన్ని మోసి తిప్పే స్టాండు తలకు) బాగుచేసే దిక్కు దొరకడం కష్టం.

ఐపీస్‌ల వ్యాసం కూడా కొలవండి. 1.25 అంగుళాలు ఉంటే ఏ దుకాణం ఐపీస్ అయినా పడుతుంది. పాత రకం 0.965 అంగుళాలు అయితే విడిగా దొరకడం కష్టం, అడాప్టర్ కావాలి. ఎన్ని రెట్లో లెక్క సులువు: నాభ్యంతరాన్ని ఐపీస్ మి.మీ.తో భాగించడమే. 900 నాభ్యంతరానికి 25 పెడితే 36 రెట్లు, 10 పెడితే 90. అద్దం లేదా కటకం వ్యాసం ఎన్ని మి.మీ. ఉంటే దానికి రెట్టింపు గరిష్ఠ హద్దు. 70 మి.మీ. కటకాన్ని 140 దాటిస్తే పెద్దదైన మసకే మిగులుతుంది. పెట్టెలో వచ్చే 4 మి.మీ. ఐపీస్‌ను, రెట్లు పెంచడానికి ఇచ్చే ప్లాస్టిక్ "బార్లో" కటకాన్ని లెక్కలో వేయకండి. అన్నీ సక్రమంగా ఉన్నా కొత్తదాని ధరలో సగానికి అటూ ఇటూ ఇవ్వడం న్యాయం.

పాత పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే చిన్న నల్లటి "సన్" ఫిల్టరు దొరికితే వెంటనే విరిచి పారేయండి. కటకం ఎండనంతా కూడగట్టి దాని మీదే పోస్తుంది. వేడికి అది ఠక్కున పగిలితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు ముఖమంతా కప్పే సోలార్ ఫిల్టరు ఒక్కటే దారి. ఫైండర్‌కు (గురి పెట్టడానికి గొట్టం మీద ఉండే చిన్న దుర్భిణికి) కూడా మూత వేయాలి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అంకితం వెంకట నర్సింగరావు గారు మన డాబాగార్డెన్స్ వేధశాల నుంచే గమనించారు. గోడే వెంకట జగ్గారావు 1840లో కట్టించిన వేధశాల అది. అలాంటి ఊళ్లో ఉంటూ సూర్యుడి వైపు చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. చూడండి, కానీ ఫిల్టరు ముందు పెట్టి చూడండి.

ఇంటికి తెచ్చాక మొదటి పని ఫైండర్‌ను సరిచేయడం. పొద్దున్నే, ఎండ ముదరకముందు, డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌నో దూరపు సెల్ టవర్ కొసనో గురిగా పెట్టుకోండి. పదకొండు దాటితే వేడి గాలికి బొమ్మ అలలు అలలుగా ఊగుతుంది. అది టెలిస్కోపు లోపం అనుకోకండి. అద్దం టెలిస్కోపుకు ఆ తర్వాత కొలిమేషన్, అంటే అద్దాల వరస. ఫోకసర్ మూతకు నడిమధ్య 2 మి.మీ. రంధ్రం చేసి అందులోంచి చూడండి. ఫోకసర్ ఎదురుగా వాలుగా ఉన్న చిన్న అద్దంలో, అడుగున ఉన్న పెద్ద అద్దం మొత్తం, దాన్ని పట్టుకున్న మూడు బిళ్లలతో సహా, కనిపించేలా చిన్న అద్దం స్క్రూలు తిప్పాలి. తర్వాత అడుగు స్క్రూలతో, పెద్ద అద్దం మధ్య చుక్క, మీ కంటి రంధ్రం ప్రతిబింబం ఒకదానిపై ఒకటి వచ్చేదాకా సర్దాలి. ఒక్కోసారి పావు తిప్పుకంటే ఎక్కువ వద్దు. ఆ రాత్రి నడినెత్తిన ఉన్న ఒక నక్షత్రాన్ని ఫోకస్ నుంచి కాస్త తప్పించండి. ఉంగరాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే వరస కుదిరినట్టు. ఒక పక్కకు ఒరిగితే ఇంకా సర్దాలి. స్కూటీ మీద తీసుకెళ్లి దింపిన ప్రతిసారీ ఇది చూసుకోండి.

ఈక్వటోరియల్ మౌంటు (ఆకాశం తిరిగే తీరులోనే గొట్టాన్ని తిప్పే వాలు అక్షం స్టాండు) ఉంటే అక్షాంశం స్కేలును 17.7 డిగ్రీల దగ్గర బిగించి, అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు తిప్పండి. ఇక్కడ ధ్రువుడు దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటాడు. ఉత్తరాన మేడలుంటే కనిపించడు, అప్పుడు దిక్సూచి చాలు. ఇంత తక్కువ వాలులో బరువుల రాడ్డు స్టాండు కాలికి తగిలే అవకాశం ఉంది. తిప్పేముందు చేత్తో ఒకసారి ఆడించి చూడండి.

డాబా మీద పెట్టేవాళ్లకు ఒక మాట: పగలంతా కాగిన సిమెంటు రాత్రి తొమ్మిది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. గొట్టాన్ని అరగంట ముందే బయట పెట్టి, ఆలస్యంగా మొదలెట్టండి. చంద్రుడు, గురుడు, శని నగర వెలుగులోనూ బాగా కనిపిస్తారు. చంద్రుణ్ణి పున్నమి నాడు కాక అష్టమి దగ్గర చూడండి, నీడలుంటేనే గుంతలు లేస్తాయి. నీహారికలు, గెలాక్సీల లాంటి మసక వస్తువులకు భీమిలి దాటి వెళ్లాలి, ఇంకా ఓపిక ఉంటే అరకు. ఘాట్ రోడ్డు పగలే ఎక్కేయండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం బాగుంటుంది.

మన తీరానికి ఒక వరముంది. ఆగ్నేయం, దక్షిణం వైపు సముద్రమే కాబట్టి ఆ దిక్కున ఊరి వెలుగు ఉండదు. ఏప్రిల్, మే రాత్రుల్లో ఒమెగా సెంటారీ గోళాకార గుచ్ఛం (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు) దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 6 అంగుళాల అద్దంలో, 50 రెట్లలో, పంచదార ఒలికినట్టుంటుంది. ఉత్తర భారతంలో చూసేవాళ్లకు అది దిగంతం పొగలోనే ఉండిపోతుంది.

మంచు పడే రాత్రి గొట్టం మూతికి యోగా మ్యాట్ ముక్కను చుట్టండి, అద్దం వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవు ముందుకు రావాలి. తడిసిన కటకాన్ని తుడవకండి. ఉప్పు గీతలు పడతాయి. అద్దాన్ని ఏడాదికోసారి కడిగితే ఎక్కువ. ముందు పారే నీళ్ల కింద దుమ్ము పోనిచ్చి, రెండు చుక్కల గిన్నెల సబ్బు నీళ్లలో తడిపిన దూదిని ఒత్తిడి లేకుండా లాగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి.

ఐపీస్‌లను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో దాచండి, తేమ 50 శాతం లోపే ఉండాలి. గింజల రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడండి. బియ్యం పనిచేయదు, పిండి అంటుకుంటుంది. రాత్రి చూడటం అయ్యాక గొట్టాన్ని లోపలికి తెచ్చిన వెంటనే మూత పెట్టేయకండి. మూతి కిందికి వంచి, ఫ్యాను గాలిలో గంట సేపు ఉంచి, గాజు పూర్తిగా ఆరాకే మూత బిగించండి.