స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన మనిషిని ఎలా చూసుకోవాలి

రొయ్యల గుంట దగ్గర మోటారు పోయిందనో, పక్కూళ్ళో దొంగతనం జరిగిందనో అనుమానం మీద పోలీసులు తీసుకెళ్ళి, నాలుగు రోజులు కొట్టి వదిలేసిన మనిషి మీ ఇంట్లో ఉంటే ముందు చేయాల్సింది ఓదార్చడం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళడం. కమిలిన గుర్తులు కొద్దిరోజుల్లోనే మాయమైపోతాయి. నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో వెళ్ళి, 'కింద పడ్డాడు' అని కాకుండా 'పోలీసులు కొట్టారు' అనే చెప్పి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు, కోర్టు వ్యవహారాలకి పనికొచ్చే గాయాల రికార్డు) రాయించండి. అరికాళ్ళ మీద కొడితే పైకి పెద్దగా కనపడదు గానీ నడిస్తే నొప్పి చాలాకాలం ఉంటుంది, అది కూడా డాక్టరుకి చెప్పాలి. ఫొటోలు తీసిపెట్టుకోండి.

జరిగిందంతా తను నమ్మిన ఒక్కరికి ఒక్కసారి చెబితే, వాళ్ళు తేదీలతో సహా రాసిపెట్టాలి. లాయరుకైనా ఫిర్యాదుకైనా ముందు ఆ కాగితమే చూపించొచ్చు.

అసలు చిక్కు పరామర్శలతో. వచ్చిన ప్రతివాళ్ళూ మంచం పక్కన కూర్చుని "ఏం చేశార్రా అబ్బయ్యా, కరెంటు పెట్టారా?" అని అడుగుతారు, వాళ్ళది ప్రేమే, కానీ అడిగినప్పుడల్లా అతను మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళొస్తాడు. చెప్పుకుంటే మనసు తేలికవుతుందనేది తనంతట తను చెప్పుకున్నప్పుడే. దెబ్బ తగిలిన కొత్తలో బలవంతంగా చెప్పించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వండి, ఆ మాట మాత్రం ఎత్తనివ్వకండి.

లాకప్‌లో మంచినీళ్ళు, నిద్ర, ఒంటేలు, అన్నీ ఇంకొకడి చేతిలోనే ఉంటాయి. అందుకే ఇంట్లో ప్రతి చిన్నదీ అతన్నే తేల్చుకోనివ్వండి: స్నానం ఇప్పుడా తర్వాతా, తలుపు తీసి ఉంచాలా, లైటు ఆర్పాలా. వెనకనుంచి భుజం మీద చెయ్యి వేయొద్దు. రాత్రి ఉలిక్కిపడి లేస్తే పట్టుకుని ఊపకుండా, కొంచెం దూరం నుంచే పేరు పెట్టి పిలిచి, ఇంట్లోనే ఉన్నావని చెప్పండి. పిల్లల మీద విసుక్కోవడం కూడా ఇందులో భాగమే, పొగరు కాదు. భార్యాపిల్లల ముందే కొట్టి ఉంటే సిగ్గు ఇంకా ఎక్కువ.

'భయపడకు' అనే మాట యానాది, ఎరుకల కాలనీల్లో అస్సలు పనిచేయదు. కొన్ని జాతులవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేస్తూ తెల్లవాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది గానీ, ఏది పోయినా ముందు ఆ వైపే చూసే అలవాటు పోలేదు. జీపు మళ్ళీ రావచ్చు, ఆ భయం నిజమైనదే. కాబట్టి మందులతో పాటు లాయరు కూడా వైద్యమే అంటాను. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఏడాదిలోపే ఫిర్యాదు పెట్టాలి. స్టేషన్ సీసీటీవీ రికార్డు కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ త్వరగా అడగండి.

నెల దాటినా పీడకలలు, ఖాకీ చూస్తే వణుకు, స్టేషన్ ఉన్న రోడ్డే మానేయడం తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనివ్వకండి, నిద్ర కోసమని మద్యం తాగనివ్వకండి. ఆ జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా, అతని వేగంతోనే ఎదుర్కోవడం నేర్పే చికిత్స ఉంది, అవసరమైతే మాత్రలూ ఇస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వెళ్ళడానికి మొహమాటపడితే మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోతానని అంటే మాత్రం రేపటికి పెట్టకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీసేసి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.