పోల్ మీద మొదటి మూడు నెలలు: ఏం చేయాలి, ఎంత చేయాలి, ఎక్కడ ఆపాలి

పోల్ డాన్స్ మొదలుపెట్టినవాళ్లను ఇబ్బందిపెట్టేది బలం చాలకపోవడం ఒక్కటే కాదు, మోచేయి లోపలి వైపు పుట్టే నొప్పి కూడా. కండలు కొన్ని వారాల్లో బలపడతాయి. వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు మాత్రం నెలలు పడుతుంది. రెండో నెలకల్లా ఒంట్లో ఉత్సాహం వస్తుంది, ఇంకో పది సార్లు చేయగలం అనిపిస్తుంది. మోచేతి దగ్గరి స్నాయువు అప్పటికి ఆ బరువుకు సిద్ధపడి ఉండదు. అందుకే మూవ్ ఎలా చేయాలో ఎంత ముఖ్యమో, ఎన్నిసార్లు చేసి ఆపాలో కూడా అంతే ముఖ్యం.

పోటీల్లో వాడేది 45 మిల్లీమీటర్ల పోల్. ఇంట్లోకీ అదే మంచిది. చేతులు మరీ చిన్నవైతే 40 సరిపోతుంది. క్రోమ్ పోల్ చాలాచోట్ల దొరుకుతుంది కానీ చెమటకు జారుతుంది. విశాఖ, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లలో ఇత్తడి పోల్ మీద పట్టు బాగా నిలుస్తుంది. నేలకూ కప్పుకూ మధ్య బిగించే రకమైతే పైన కాంక్రీటు స్లాబు ఉండాలి, దూలం కింద అయితే మరీ మంచిది. ఫాల్స్ సీలింగ్ కిందా రేకుల కప్పు కిందా బిగించవద్దు. ఎక్కే ముందు ప్రతిసారీ రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. స్పిన్ పోల్ (కడ్డీయే గుండ్రంగా తిరిగే రకం) అయితే, తిరగకుండా లాక్ పడిందో లేదో కూడా చూసుకోవాలి.

నిలువు కర్ర మీద చేసే మన పాత కసరత్తు మల్లఖంబ్‌లో కర్రకు ఆముదం రాస్తారు, ఒరిపిడి తగ్గడానికి. ఇక్కడ అంతా తిరగబడుతుంది: చుక్క నూనె కూడా శత్రువే. ముందు రోజు రాత్రి నుంచే కొబ్బరినూనె, మాయిశ్చరైజర్ మానేయండి. పోల్‌ను సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. తొడల చర్మమే పోల్‌ను పట్టుకుంటుంది కాబట్టి షార్ట్స్ తప్పనిసరి. ఉంగరాలు, గాజులు, మొలతాడు, మెట్టెలు తీసేయాలి. మెట్టెలను చాలామంది మర్చిపోతారు. ఎక్కేటప్పుడు అవి పోల్‌ను గీస్తాయి, వేలిని కూడా నొక్కేస్తాయి.

వార్మప్‌కు 15 నిమిషాలు. ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా స్కిప్పింగో గబగబా నడకో, తర్వాత మణికట్లు, భుజాలు, తుంటి కీళ్లు తిప్పడం. కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచ్‌లు చివరికి ఉంచుకోండి.

భుజం కిందికి లాగడం

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. పోల్ పక్కన నిలబడి, లోపలి చేత్తో తలకంటే పైన పట్టుకోండి. మోకాళ్లు కాస్త వంచి బరువును ఆ చేతి మీదికి వదలండి. భుజం చెవికి ఆనుకునేంత పైకి వచ్చేస్తుంది. అలాగే స్పిన్ వేస్తే, అంటే పోల్ పట్టుకుని దాని చుట్టూ తిరిగితే, బరువంతా కీలు మీద, దాని చుట్టూ ఉన్న చిన్న కండల మీద పడుతుంది. ఇప్పుడు మోచేయి వంచకుండా భుజాన్ని చెవికి దూరంగా కిందికి, రెక్క ఎముకను వెన్ను వైపు లాగండి. ఒళ్లు అంగుళం, రెండంగుళాలు లేచినట్టు తెలుస్తుంది. 5 సెకన్లు పట్టి ఉంచి, నెమ్మదిగా వదలండి. ఒక్కో వైపు ఐదు సార్లు. ఇది కుదిరేదాకా స్పిన్ జోలికి పోవద్దు.

ఫైర్‌మ్యాన్ స్పిన్

పోల్ కుడి వైపు ఉండేలా నిలబడండి. కుడి చేయి తలకంటే పైన, భుజం కిందికి లాగి. కుడి కాలితో ముందుకు అడుగు వేస్తూ, ఎడమ కాలిని పోల్‌కు దూరంగా, వెడల్పుగా చుట్టూ తిప్పండి. ఒళ్లు తిరుగుతుండగా ఎడమ చేత్తో ఛాతీ ఎత్తులో పట్టుకుని, రెండు మోకాళ్ల మధ్య పోల్‌ను నొక్కండి. పాదాలు వెనక కలిసి ఉండాలి. మునివేళ్ల మీద దిగండి.

వేగం ఎడమ కాలి ఊపు నుంచి రావాలి. పోల్ మీదికి ఎగిరితే భుజానికి కుదుపు తగులుతుంది, తిరగడమూ ఆగిపోతుంది. జర్రున కిందికి జారుతున్నారంటే మోకాళ్ల నొక్కుడు చాలడం లేదు. ఛాతీ పోల్‌కు అతుక్కుపోయినా స్పిన్ చచ్చిపోతుంది. ఎడమ చేత్తో కాస్త తోస్తూ దూరం ఉంచండి.

ఒక్కో వైపు ఎనిమిది ప్రయత్నాలు చాలు. బాగా వచ్చినా, రాకపోయినా అంతే. ఎనిమిదోది బాగా కుదిరిందని తొమ్మిదోది వేసేటప్పుడే పట్టు అలిసి ఉంటుంది. చేతకాని వైపు నుంచే మొదలుపెట్టండి, లేకపోతే అది ఎప్పటికీ వెనకబడే ఉంటుంది.

పైకి ఎక్కడం కాళ్ల పని. ముందు కాలి పాదాన్ని వంచి ముంగాలిని (మోకాలి కింద, కాలి ముందు భాగాన్ని) పోల్‌కు ఆనించి, రెండో కాలి పిక్కతో వెనక నుంచి నొక్కి, ఆ బిగింపు మీద నిలబడాలి. చేతులు అప్పుడే పైకి జరుగుతాయి. చేతులతో ఈడ్చుకుంటే రెండు సార్లకే ముంజేతులు రాయిలా బిగుసుకుంటాయి. మూడు రౌండ్లు, ఒక్కో రౌండులో రెండుసార్లు ఎక్కడం, మధ్యలో రెండు నిమిషాల విరామం.

తలకిందులయ్యే ఇన్వర్ట్‌కు తొందరపడకండి. రెండు చేతులతో భుజాలు కిందికి లాగి 20 సెకన్లు వేలాడగలగాలి. కాలు విసరకుండా, మోకాళ్లను ఛాతీకి ఐదు సార్లు నెమ్మదిగా తీసుకురాగలగాలి, అదీ రెండు వైపులా. అప్పుడు కూడా కింద క్రాష్ మ్యాట్ (పడినా దెబ్బ తగలని మందపాటి పరుపు) వేసి, పక్కన ఈ పని తెలిసినవాళ్లను నిలబెట్టుకునే చేయండి. కాలు విసిరి పైకి వెళ్లినవాళ్లకు కిందికి నెమ్మదిగా దిగే బలం ఉండదు, దెబ్బలు అక్కడే తగులుతాయి. ట్విస్టెడ్ గ్రిప్ (పై చేతిని లోపలికి మెలితిప్పి పోల్‌ను పట్టుకోవడం) భుజాన్ని బాగా మెలిపెడుతుంది. మొదటి ఏడాది దాన్ని పక్కన పెట్టండి.

వారం ఎలా ఉండాలి

పోల్ రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు: ఉదాహరణకు మంగళవారం, శనివారం. గురువారం పోల్ ముట్టుకోకుండా కసరత్తు. పోల్‌లో పనంతా లాగడం, బిగించడమే, కాబట్టి ఆ రోజు తోసే పని, వేళ్లు తెరిచే పని చేయాలి. మోకాళ్ల మీద పుషప్స్ 8 చొప్పున మూడు సెట్లు. మోచేయి పక్కటెముకలకు ఆనించి, రబ్బరు బ్యాండును బయటికి లాగడం 15 చొప్పున మూడు. వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరవడం 20 చొప్పున రెండు. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, అరచేయి పైకి ఉంచి, మణికట్టును నాలుగు సెకన్లలో కిందికి దించడం 12 చొప్పున మూడు. చూడ్డానికి చిన్నవే, కానీ మోచేతులను కాపాడేవి ఇవే.

ఒక వారంలో ఒక్కటే పెంచండి: ప్రయత్నాల సంఖ్యో, కొత్త మూవో, సమయమో. ప్రతి నాలుగో వారం అన్నీ సగానికి తగ్గించాలి.

తొడల మీద, ముంగాలి మీద నీలపు మచ్చలు, చర్మం మంట మామూలే, వారాలు గడిచేకొద్దీ తగ్గుతాయి. కీలులో నొప్పి వేరు. తలుపు పిడి తిప్పినా, నీళ్ల బిందె ఎత్తినా మోచేయి సలిపితే వేలాడే పనులన్నీ ఆపండి. మర్నాటికల్లా పూర్తిగా పోయే స్వల్ప నొప్పితో నెమ్మదిగా కొనసాగవచ్చు. మర్నాడూ ఉంటే ముందు రోజు చేసింది ఎక్కువైనట్టే. వేళ్లలో తిమ్మిరి వస్తుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించండి. విపరీతంగా కష్టపడ్డాక చేతులు వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కండ దెబ్బతిని కిడ్నీలకు ముప్పు వచ్చే సూచన అది.

రోజూ లేవగానే నాడి లెక్కపెట్టుకోండి. మామూలుకంటే నిమిషానికి ఏడెనిమిది ఎక్కువగా మూడు నాలుగు రోజులు కొనసాగినా, నిద్ర సరిగా పట్టకపోయినా, వార్మప్‌లోనే పట్టు జారుతున్నా ఆ రోజు పోల్ వద్దు, నడక చాలు.

తిండి విషయంలో ప్రోటీన్ తగ్గకూడదు: బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 96. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22. చట్నీతో ఇడ్లీ, చారన్నం మీదే గడిపితే ఆ లెక్క అందదు. పెసరట్టు, గుడ్లు, శనగలు, పెరుగు కలపండి.

జబ్బు వల్లో ప్రయాణం వల్లో రెండు వారాలు ఆగిపోతే, తిరిగి వచ్చిన రోజు పాత లెక్కలో సగంతో మొదలుపెట్టి, భుజం లాగే కసరత్తు మళ్లీ శుభ్రంగా కుదిరాకే స్పిన్‌లు వేయండి.