మెసేజ్ క్యూ నిండితే పంపేవాడు ఎక్కడ ఆగుతాడు?

బెంగళూరు మారతహళ్లిలో నా రూమ్‌మేట్, వినుకొండ కుర్రాడు, సరదాకి సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాస్తున్నాడు. మొన్న ఆదివారం తన మెసేజ్ క్యూ స్ట్రక్చర్ చూపించాడు. నడుస్తున్న ప్రోగ్రామ్‌లు, అంటే ప్రాసెస్‌లు, ఒకదానికొకటి పంపుకునే మెసేజ్‌లు వరసలో ఆగే చోటది. ఒక అరే, హెడ్, టెయిల్. "నిండితే పంపేవాడు ఎక్కడ ఆగుతాడ్రా?" అన్నాను. బిక్కమొహం వేశాడు. మీరూ రాస్తుంటే ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

మెసేజ్‌కి టైపు, సైజు, తర్వాతి మెసేజ్‌కి లింకు, వెనకాలే డేటా ఉంటే చాలు. క్యూలో మాత్రం పరిమితిని బైట్లలో పెట్టండి. మెసేజ్‌ల సంఖ్య ఒక్కటే చూస్తే ఎవడో పెద్దవి నాలుగు పడేసి కెర్నల్ మెమరీ మింగేస్తాడు. లైనక్స్‌లో సిస్టమ్ ఫైవ్ (పాత యూనిక్స్ నుంచి వచ్చిన పద్ధతి) క్యూకి డిఫాల్ట్‌గా 16384 బైట్లు, ఒక్క మెసేజ్‌కి 8192. అంటే నిండు మెసేజ్‌లు రెండు పడితే క్యూ ఫుల్.

మూడోవాడు ఆగాలి కదా. అందుకే అక్కడి స్ట్రక్చర్‌లో మూడు లిస్టులుంటాయి: మెసేజ్‌లు, పంపడానికి ఆగినవాళ్లు, అందుకోవడానికి ఆగినవాళ్లు. ఈ చివరి లిస్టులో ఎవరికి ఏ టైపు కావాలో కూడా రాసుకోవాలి. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర మెజెస్టిక్ బస్సు ఎంత ఖాళీగా వచ్చినా సిల్క్ బోర్డుకి వెళ్లేవాడు కదలడు. వాణ్ణి ఊరికే లేపడం దండగ.

ఇక లాక్, అంటే క్యూని ఒకేసారి ఇద్దరు మార్చకుండా కాపాడేది. దీంతో నాకు ఒకప్పుడు రెండు రాత్రులు పోయాయి. స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్) పట్టుకునే మెసేజ్‌ని యూజర్ బఫర్‌లోకి, అంటే అందుకునే ప్రోగ్రామ్ మెమరీలోకి, కాపీ చేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. అప్పుడే malloc‌తో మెమరీ అడిగి తీసుకుని, ఇంకా ముట్టుకోని బఫర్ ఇస్తే మాత్రం మెషీన్ బిగుసుకుపోయేది. ఆ పేజీ ఇంకా మెమరీలో లేదు. పేజ్ ఫాల్ట్ (లేని పేజీని తెచ్చిపెట్టమనే అంతరాయం) వచ్చి నా కోడ్ లాక్ చేత్తో పట్టుకునే నిద్రపోయింది, మిగతా ప్రాసెస్‌లు దాని కోసం గిరగిరా తిరుగుతున్నాయి. కాబట్టి పంపేటప్పుడు మెమరీ తీసుకోవడం, కాపీ చేయడం లాక్‌కి ముందే అయిపోవాలి. అందుకునేటప్పుడు లాక్‌లో ఉండగా మెసేజ్‌ని లిస్టు నుంచి విడదీసి, లాక్ వదిలాకే కాపీ చేయాలి.

నిద్రపోయే ముందు లిస్టులో చేరడం, స్టేట్‌ని నిద్రలోకి మార్చుకోవడం లాక్ ఉండగానే చేయండి. తర్వాతే లాక్ వదిలి షెడ్యూలర్‌ని (తర్వాత ఎవరు నడవాలో తేల్చేదాన్ని) పిలవాలి. ఈ వరస తప్పితే మధ్యలో వచ్చిన వేకప్ ఎవరికీ అందదు. లేచాక కూడా ఖాళీ ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి, ఈలోగా ఇంకొకడు దూరిపోయి ఉండొచ్చు.

పర్మిషన్లు, చివరిగా పంపినవాడి పిడ్ (ప్రాసెస్ నంబరు), టైములు తీరిగ్గా చేర్చుకోవచ్చు.

క్యూని తీసేసేటప్పుడు రెండు వెయిటింగ్ లిస్టుల్లో ఉన్నవాళ్లనీ లేపి, ఈఐడీఆర్ఎమ్ ఎర్రర్ (ఈ క్యూ తీసేశారు అని) ఇచ్చి పంపాలి. ఆఖరివాడు వెళ్లాకే స్ట్రక్చర్‌ని ఫ్రీ చేయాలి. మావాడు లేపడం మర్చిపోయాడు. ఆ రాత్రి టెస్టులో ఒక ప్రాసెస్ లేని క్యూ ముందు నిలబడే ఉంది.